ఊపిరితిత్తులూ, ఆపరేషనూ, మహమ్మారీ

బాలలూ! కొత్త బెలూను కొనుక్కుని ఎప్పుడైనా ఊదారా? మొదటి ఊపిరికి అది ఒక పట్టాన లొంగదు. బుగ్గలు నొప్పి పుట్టేదాకా ఊదాలి. కాస్త ఉబ్బిందంటే చాలు, ఆ తరవాత సులువుగా పెద్దదవుతూ పోతుంది. గాలి అంతా వదిలేసి మళ్లీ ఊదబోతే మళ్లీ మొదటి కష్టమే. ఈ చిన్న సంగతిని గుర్తుపెట్టుకోండి. ఆపరేషన్ అయిన మనిషి ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతుందో తెలుసుకోవటానికి ఇది మనకు పనికొస్తుంది.

2020వ సంవత్సరం మీలో కొందరికి లీలగానైనా గుర్తుండవచ్చు. మిగతావాళ్లు పెద్దలను అడగండి. ఆ ఏడు మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్-19ను ప్రపంచమంతటా వ్యాపించిన మహమ్మారిగా ప్రకటించింది. మరునాడే మన రాష్ట్రంలో మొదటి కేసు నెల్లూరులో బయటపడింది. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. బళ్లు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. కోనసీమ అప్పటికి తూర్పు గోదావరి జిల్లాలో భాగం. అమలాపురం ముఖ్యపట్టణంగా వేరే జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4న.

లోకమంతా ఆగిపోయినా మనిషి శరీరానికి వచ్చే కష్టాలు ఆగవు కదా! ఆ రోజుల్లోనూ అపెండిక్స్ వాచింది. కాన్పులు కష్టమయ్యాయి. కొబ్బరిచెట్టు మీంచి జారిపడిన దింపు కార్మికుడికి తుంటి ఎముక విరిగితే, వైరస్ తగ్గేదాకా ఆగమని చెప్పగలమా? ఆపరేషన్ చెయ్యాలి. కాని ఆపరేషన్ చేస్తే ఊపిరితిత్తులకు ఏం ముప్పు? చెయ్యకపోతే మనిషికి ఏం ముప్పు? డాక్టర్లను వేధించిన ఈ ప్రశ్నకు జవాబు ఎలా దొరికిందో ఇప్పుడు చూద్దాం.

ఊపిరితిత్తులలోని కాలువలు

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నుంచి బయలుదేరిన నీరు కోనసీమ పొలాలకు ఎలా చేరుతుందో మీకు తెలుసు. ముందు పెద్ద కాలువ. లొల్ల లాకుల దగ్గర అది చీలుతుంది. ఆ చీలికలు మళ్లీ పిల్లకాలువలవుతాయి. చివరికి సన్నని బోదెలు మడిమడికీ నీరు అందిస్తాయి.

మన ఛాతీలో గాలికీ ఇలాంటి ఏర్పాటే వుంది. గొంతు కింద వున్న శ్వాసనాళం పెద్ద కాలువ. అది రెండుగా చీలి, ఒకటి కుడి ఊపిరితిత్తిలోకి, ఒకటి ఎడమ ఊపిరితిత్తిలోకి పోతుంది. అక్కణ్ణించి చీలుతూ చీలుతూ వెంట్రుకంత సన్నని నాళికలవుతాయి. వాటి చివరన మడుల్లాంటివి గాలిగదులు. మీ పాఠ్యపుస్తకంలో వీటినే వాయుగోణులు అన్నారు. పెద్దవాళ్ల ఊపిరితిత్తులు రెండింటిలో కలిపి ఇవి 30 కోట్లకు పైగా వుంటాయి. వీటన్నిటి గోడలనూ విప్పి నేలమీద పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు! ఆ పలచని గోడల్లోంచే ప్రాణవాయువు నెత్తురులోకి వెళుతుంది, బొగ్గుపులుసు వాయువు బయటికి వస్తుంది.

కాలువలో నీటితోబాటు ఒండ్రు వచ్చినట్టే, గాలితోబాటు దుమ్మూ ధూళీ సూక్ష్మజీవులూ లోపలికి వస్తాయి. వాటిని ఎవరు తీసిపారేస్తారు? శ్వాసనాళం లోపలి గోడలమీద జిగురుగా శ్లేష్మం వుంటుంది. వచ్చిన చెత్త దానికి అంటుకుంటుంది. ఆ గోడల కణాలకు సన్నని నూగులాంటి శైలికలు వుంటాయి. వరిచేను గాలికి వూగినట్టు ఇవన్నీ ఒకే వరసలో, సెకనుకు పదిసార్లకు పైగా కదులుతూ, శ్లేష్మాన్ని పైకి, గొంతువైపుకు తోస్తాయి. మనకు తెలియకుండానే దాన్ని మింగేస్తాం. ఎక్కువైతే దగ్గి బయటికి పంపుతాం. దగ్గు ఒక పారిశుద్ధ్య కార్మికుడన్నమాట!

ఆపరేషన్ అయితే ఊపిరితిత్తులకేం?

ఆపరేషన్ చేసింది పొట్టకో, కాలికో. మరి ఊపిరితిత్తులకు జబ్బెందుకు రావాలి? ఈ అనుమానం మీకు రావలసిందే.

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్ నగరంలో విలియం మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథర్ ఆవిరితో రోగికి మత్తు కలిగించి, నొప్పి తెలియకుండా ఆపరేషన్ చెయ్యవచ్చునని అందరిముందూ చూపించాడు. అప్పటినుంచి శస్త్రచికిత్స రూపమే మారిపోయింది. కాని మత్తు నొప్పినొక్కదాన్నే నిద్రపుచ్చదు. ఊపిరితిత్తుల కాపలాదారులను కూడా నిద్రపుచ్చుతుంది. ఎలాగంటే:

ఒకటి: పూర్తి మత్తులో వున్నవాళ్లు వెల్లకిలా పడుకుని వుంటారు. ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డుగా వుండే ఉదరవితానం అనే కండరం సడలి పైకి జరుగుతుంది. ఊపిరితిత్తుల అడుగు భాగం నలిగి, అక్కడి గాలిగదులు కొన్ని ముడుచుకుపోతాయి. మత్తు తీసుకున్న పదిమందిలో తొమ్మిదిమందికి ఎంతోకొంత ఇలా జరుగుతుంది. ముడుచుకున్న గదిని మళ్లీ తెరవటం కష్టం. మన బెలూను సంగతి గుర్తుందిగా!

రెండు: ఊపిరి ఆడించటానికి గొంతులోంచి శ్వాసనాళంలోకి గొట్టం వేస్తారు. గొట్టం వున్నంతసేపూ దగ్గు రాదు. శైలికల కదలిక మందగిస్తుంది. నోట్లోని సూక్ష్మజీవులు గొట్టం పక్కనుంచి కిందికి జారే అవకాశం వుంటుంది.

మూడు: మెలకువ వచ్చాక కుట్లు నొప్పి పెడతాయి. పొట్టమీద కుట్లున్న మనిషి గట్టిగా దగ్గటానికి భయపడతాడు. గాలి నిండా పీల్చటానికీ భయపడతాడు. పైపైన ఊపిరి తీస్తాడు. మంచంమీంచి లేవడు.

వేసవిలో కాలువలు కట్టేస్తే ఏమవుతుంది? నీరు కదలదు. ఒండ్రు అడుగున పేరుకుంటుంది. గుర్రపుడెక్క అల్లుకుంటుంది. కదలని ఊపిరితిత్తుల్లోనూ అంతే. శ్లేష్మం అడుగున నిలుస్తుంది. అందులో బాక్టీరియా పెరుగుతుంది. గాలిగదుల్లో గాలికి బదులు చీమూ నీరూ చేరుతాయి. దీన్నే న్యుమోనియా అంటారు. జ్వరం, ఆయాసం, కళ్లె, ఛాతీలో నొప్పి దీని లక్షణాలు. ఆపరేషన్ బాగానే జరిగినా కొందరు కోలుకోలేకపోవటానికి ఇదొక ముఖ్యకారణమని డాక్టర్లకు ఏనాటినుంచో తెలుసు. కోవిడ్ రాకముందు సంగతి ఇదంతా.

నిద్రపోతున్న ఇంట్లోకి దొంగ

ఇప్పుడు కోవిడ్ వైరస్ సంగతి. దీని శాస్త్రీయ నామం సార్స్-కోవ్-2. ఇది ఎంత చిన్నదంటే, పదివేల వైరస్‌లను వరసగా పేర్చితే ఒక మిల్లీమీటరు అవుతుంది. మన కణాల పైభాగంలో ఏస్-2 అనే మాంసకృత్తు వుంటుంది. వైరస్ ముల్లు దానికి తాళంచెవిలా అతుక్కుంటుంది. ముక్కులోనూ, శ్వాసనాళంలోనూ శైలికలున్న కణాలకు ఈ ఏస్-2 వుంది. గాలిగదుల గోడల్లోని కొన్ని కణాలకూ వుంది.

చూశారా చిక్కు! మత్తు కాపలాదారులను కొన్ని గంటలు నిద్రపుచ్చుతుంది. వైరస్ ఆ కాపలాదారులనే చంపుతుంది. గాలిగదులు ముడుచుకోకుండా కాపాడే సబ్బునురగలాంటి పదార్థం ఒకటి వుంది. దాన్ని తయారుచేసే కణాలనూ దెబ్బతీస్తుంది. సన్నని రక్తనాళాల్లో నెత్తురు గడ్డకట్టేలా చేస్తుంది. రెండు దెబ్బలూ ఒకేసారి తగిలితే ఆ ఊపిరితిత్తులు తట్టుకోగలవా?

1128 మంది కథ

తట్టుకోగలవో లేదో ఊహించి చెబితే చాలదు, లెక్క కావాలి. ఒక్క ఆసుపత్రిలో అలాంటి రోగులు నలుగురో అయిదుగురో వుంటారు. నలుగురిని చూసి సిద్ధాంతం చెయ్యకూడదు. అందుకని ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం కేంద్రంగా అనేక దేశాల శస్త్రవైద్యులు ఒక బృందంగా ఏర్పడ్డారు. ఎవరి ఆసుపత్రిలో లెక్క వాళ్లు ఒకే పద్ధతిలో రాసి ఒకచోట చేర్చారు. 2020 జనవరి నుంచి మార్చి చివరిదాకా, 24 దేశాల్లోని 235 ఆసుపత్రుల్లో, ఆపరేషన్‌కు కొద్దిరోజుల ముందుగాని తరవాతగాని కోవిడ్ వున్నట్టు తేలిన 1128 మంది వివరాలు వచ్చాయి. 2020 మే నెలాఖరున లాన్సెట్ అనే వైద్యపత్రికలో ఆ ఫలితం అచ్చయింది.

ఏం తేలింది? ఆ 1128 మందిలో 577 మందికి, అంటే నూటికి 51 మందికి, ఊపిరితిత్తుల సమస్య వచ్చింది. న్యుమోనియా కావచ్చు, ఊపిరితిత్తులు నీరుపట్టి పనిచెయ్యకపోవటం కావచ్చు, అనుకోకుండా మళ్లీ వెంటిలేటర్ పెట్టవలసి రావటం కావచ్చు. నెలరోజుల్లో 268 మంది చనిపోయారు. అంటే సుమారు నలుగురిలో ఒకరు. ఆ 268 మందిలో 219 మంది ఊపిరితిత్తుల సమస్య వచ్చినవారే. మరణాలు అరవైయ్యేళ్లు దాటి పైబడినవారిలో, మరీ ముఖ్యంగా 70 ఏళ్లు నిండినవారిలో, మగవారిలో ఎక్కువ.

ఈ అంకెలు చూసి ప్రపంచమంతటా డాక్టర్లు ఉలిక్కిపడ్డారు.

లెక్కలో ఒక మెలిక

ఆగండి! అంకె కనబడగానే నమ్మెయ్యటం విజ్ఞానవిద్యార్థి లక్షణం కాదు. మనం రెండు ప్రశ్నలు వెయ్యాలి.

మొదటి ప్రశ్న: ఈ 1128 మంది ఎవరు? వారిలో నూటికి 74 మంది ప్రాణంమీదికి వచ్చి అత్యవసరంగా ఆపరేషన్ చేయించుకున్నవారు. అత్యవసరమైన ఆపరేషన్‌లో మామూలు రోజుల్లోనూ అపాయం ఎక్కువే. పైగా అప్పట్లో పరీక్షలు అందరికీ అందేవి కావు. జబ్బు ముదిరినవారికే ఎక్కువగా చేసేవారు. వైరస్ వుండి కూడా బాగానే ఇంటికి వెళ్లిపోయినవారు ఈ లెక్కలోకి రాకపోయి వుండవచ్చు.

రెండో ప్రశ్న: వీరిని పోల్చటానికి వైరస్ లేనివారు ఏరీ? పోలిక లేకపోతే వైరస్ వల్ల ఎంత, ఆపరేషన్ వల్ల ఎంత అని ఎలా విడదీస్తాం?

ఇంకో మెలికను మీరే లెక్క కట్టి చూడండి. ఇది ఊహించిన లెక్క. ఒక ఆసుపత్రిలో నెలకు 100 ఆపరేషన్లు చేస్తారనుకుందాం. అందులో 80 చిన్నవి, 20 పెద్దవి. చిన్నవాటిలో ఒకరికి, పెద్దవాటిలో నలుగురికి న్యుమోనియా వస్తుంది. మొత్తం 5. అంటే నూటికి 5. ఇప్పుడు మహమ్మారి వచ్చింది. చిన్న ఆపరేషన్లన్నీ వాయిదా వేశారు. పెద్దవి 20 మాత్రం ఎప్పటిలాగే చేశారు. న్యుమోనియా వచ్చింది ఎప్పటిలాగే నలుగురికి. కాని 20కి 4 అంటే నూటికి 20! జబ్బు ఒక్కరికి కూడా పెరగలేదు. శాతం మాత్రం నాలుగురెట్లయింది. ఎందుకు? భిన్నంలో కింది అంకె మారిపోయింది గనక. మహమ్మారి కాలపు లెక్కలు చదివేటప్పుడు ఈ కింది అంకెమీద ఒక కన్ను వేసి వుంచాలి.

ఏడు వారాల రహస్యం

డాక్టర్లకు ఈ మెలికలు తెలియవా? తెలుసు. అందుకే ఆ బృందం ఇంకా పెద్ద లెక్కకు పూనుకుంది. 2020 అక్టోబరులో 116 దేశాల్లో ఆపరేషన్ చేయించుకున్న 1,40,231 మంది వివరాలు సేకరించింది. ఈసారి పోలికకు కావలసినవారు బోలెడంతమంది వున్నారు. ఎందుకంటే వీరిలో అంతకుముందు కోవిడ్ వచ్చినవారు 3127 మందే, తక్కినవారికి రాలేదు. వయసు, ఆరోగ్యం, ఆపరేషన్ తరహా వంటి తేడాలను గణితశాస్త్రం సాయంతో సరిచేసి, కోవిడ్ వచ్చిన ఎన్నాళ్లకు ఆపరేషన్ జరిగిందో దాన్నిబట్టి విడదీశారు. 2021లో వెలువడిన ఫలితం ఇది. ఆపరేషన్ తరవాత నెలలో మరణాలు:

కోవిడ్ రానివారిలో నూటికి 1.5.
కోవిడ్ వచ్చిన రెండు వారాల లోపల ఆపరేషన్ అయితే 4.1.
మూడు నాలుగు వారాలకు అయితే 3.9.
అయిదు ఆరు వారాలకు అయితే 3.6.
ఏడు వారాలు దాటాక అయితే 1.5.

చివరి అంకెను మొదటి అంకెతో పోల్చి చూడండి. రెండూ సమానం! దెబ్బతిన్న శ్వాసనాళం మళ్లీ బాగుపడటానికి, వాపు తగ్గటానికి శరీరానికి అంత వ్యవధి కావాలన్నమాట. అయితే ఏడు వారాలు దాటినా ఆయాసం, దగ్గు వంటివి ఇంకా మిగిలివున్నవారిలో అపాయం ఎక్కువగానే వుంది. అంటే కాలెండరు ఒక్కటే చూస్తే చాలదు, మనిషిని చూడాలి.

అప్పటినుంచి "ఆగగలిగిన ఆపరేషన్ అయితే ఏడు వారాలు ఆగండి" అనేది చాలా దేశాల్లో నియమమయింది. మన దేశంలో 2021 జనవరి 16న టీకాలు మొదలయ్యాయి. ఆ ఏడు చివర ఒమిక్రాన్ అనే కొత్త రకం వైరస్ వచ్చింది. టీకా వేసుకున్నవారిలో ఊపిరితిత్తులకు దెబ్బ తగ్గింది. దాంతో డాక్టర్లు ఆ గడువును కూడా తగ్గించి, రోగినిబట్టి నిర్ణయించటం మొదలుపెట్టారు. కొత్త సాక్ష్యం వస్తే పాత నియమం మారుతుంది. విజ్ఞానశాస్త్రం నడిచే పద్ధతే అది.

ఆగటం అంత తేలికా?

"అయితే అందరూ ఆగితే సరిపోయె!" అని మీకు అనిపించవచ్చు. అక్కడే వుంది అసలు బాధ. 2020 మార్చి 20న కేంద్ర ఆరోగ్యశాఖ, అత్యవసరం కాని ఆపరేషన్లను వాయిదా వెయ్యమని ఆసుపత్రులకు సలహా ఇచ్చింది. మంచాలూ, వెంటిలేటర్లూ, ప్రాణవాయువూ కోవిడ్ రోగులకు కావాలి మరి. ప్రపంచమంతటా ఇదే పరిస్థితి. మొదటి ఉద్ధృతిలోని 12 వారాల్లోనే సుమారు 2 కోట్ల 84 లక్షల ఆపరేషన్లు వాయిదాపడి వుంటాయని అంచనా వేశారు.

కంటి శుక్లాల ఆపరేషన్ రెండు నెలలు ఆగవచ్చు. మసకచూపుతో అవస్థపడతారు, అంతే. కాన్సర్ గడ్డ ఆగుతుందా? అది వైరస్ పోయేదాకా పెరగకుండా వుండదు. తుంటి విరిగిన ముసలమ్మను ఆపరేషన్ చెయ్యకుండా మంచంలో వుంచితే, కదలిక లేక ఆ మంచంలోనే న్యుమోనియా వస్తుంది. అంటే ఆపరేషన్ చేస్తే ఊపిరితిత్తులకు ముప్పు, చెయ్యకపోతేనూ ఊపిరితిత్తులకే ముప్పు!

కోనసీమలాంటి చోట ఈ చిక్కు మరింత ఎక్కువ. ఒకవైపు గౌతమి, ఒకవైపు వసిష్ఠ, ఇంకోవైపు సముద్రం. లంకలవాళ్లు పడవ దాటితేగాని రోడ్డెక్కలేరు. రాజోలు, కొత్తపేట పల్లెలనుంచి అమలాపురం రావాలి. పెద్ద ప్రభుత్వాసుపత్రికి కాకినాడ పోవాలి. ఆగమన్న మాట పట్నంవాడికొక తీరు, లంకవాడికొక తీరు.

మరి డాక్టర్లు ఏం చేశారు? ఆపరేషన్‌కు ముందు పరీక్ష చేశారు. కోవిడ్ వున్నవారికీ లేనివారికీ వేరువేరు దారులు, వేరువేరు గదులు ఏర్పాటుచేశారు. వీలున్నచోట పూర్తి మత్తుకు బదులు నడుములో ఇంజక్షన్ ఇచ్చి నడుము కింది భాగాన్ని మాత్రం మొద్దుబరిచారు. అప్పుడు గొంతులో గొట్టం అక్కర్లేదు, దగ్గు నిద్రపోదు. ఊపిరితిత్తుల కాపలాదారులు మేలుకునే వుంటారు.

మాస్కు ఏం చేసింది, ఏం చెయ్యలేదు

అందరూ మాస్కులు పెట్టుకుని, దూరంగా మసలి, చేతులు కడుక్కోవటంవల్ల ఒక విచిత్రం జరిగింది. 2020-21 చలికాలంలో ఇన్‌ఫ్లుయెంజా ప్రపంచంలో దాదాపు మాయమయింది. బి-యమగటా అనే ఒక రకం ఫ్లూ వైరస్ 2020 మార్చి తరవాత ఎక్కడా రుజువుగా దొరకలేదు. అది భూమిమీద లేకుండానే పోయిందని భావించి, ఫ్లూ టీకాల్లోంచి దాన్ని తీసెయ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది.

అలాగైతే కోవిడ్ లేని రోగులకు ఆపరేషన్ తరవాత వచ్చే న్యుమోనియా కూడా మాయం కావాలి కదా? అలా కాలేదు. కొన్ని ఆసుపత్రుల్లో తగ్గింది, కొన్నిచోట్ల పెద్దగా మారలేదు. ఎందుకో ఆలోచించండి. ఫ్లూ ఇంకొకరి నోటినుంచి వస్తుంది. మాస్కు దాన్ని ఆపుతుంది. ఆపరేషన్ తరవాతి న్యుమోనియాకు కారణమైన బాక్టీరియా చాలామట్టుకు రోగి సొంత నోట్లోంచే కిందికి జారుతుంది. దొంగ ఇంట్లోనే వుంటే వీధితలుపు గడియ ఏం చేస్తుంది?

ఇంకో సంగతి. వెంటిలేటర్ మీద వున్నవారిని గంటగంటకూ చూసుకోవాలి. తల ఎత్తున పెట్టాలి. నోరు శుభ్రం చెయ్యాలి. కళ్లె పీల్చెయ్యాలి. ఒక్కొక్క నర్సు చాలామందిని చూడవలసి వచ్చినప్పుడు ఈ పనులు వెనకబడతాయి. అమెరికా ఆసుపత్రుల లెక్కల్లో, 2020 చివరి మూడునెలల్లో వెంటిలేటర్ రోగులకు వచ్చిన తీవ్రసమస్యలు అంతకుముందు ఏటికంటే సుమారు 45 శాతం ఎక్కువ. ఊపిరితిత్తులను కాపాడేది యంత్రం ఒక్కటే కాదు, మనిషి చెయ్యి కూడా.

మందు ఏ జబ్బుకు?

వందేళ్ల కిందట, 1918లో, ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి వచ్చింది. మన దేశంలోనే కోటిమందికి పైగా చనిపోయారని అంచనా. ఆనాడు దాచివుంచిన ఊపిరితిత్తుల ముక్కలను అమెరికా శాస్త్రవేత్తలు తిరిగి పరీక్షించి 2008లో ఒక విషయం చెప్పారు. ఎక్కువమందిని చంపింది వైరస్ ఒక్కటే కాదు. వైరస్ తలుపు తీసింది, వెనకనే బాక్టీరియా వచ్చి న్యుమోనియా తెచ్చింది. అప్పటికి బాక్టీరియాను చంపే మందు లేదు. పెన్సిలిన్‌ను ఫ్లెమింగ్ గమనించింది 1928లో. వసిష్ఠ గోదావరికి ఆవలివైపున భీమవరంలో 1895లో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వం వహించినప్పుడే ఆరియోమైసిన్ అనే మందు వచ్చింది. 1948లో లోకానికి తెలిసిన ఆ మందు టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. అది ఎందరినో న్యుమోనియానుంచి కాపాడింది.

కాని ఈ మందులు బాక్టీరియాను చంపుతాయి, వైరస్‌ను చంపవు. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవారిలో బాక్టీరియా కూడా సోకినవారు నూటికి 8 మందే అయినా, సుమారు 75 మందికి ఈ మందులు వాడారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పింది. అక్కర్లేకుండా వాడితే బాక్టీరియా మందుకు అలవాటుపడి మొండికేస్తుంది. రేపు నిజంగా ఆపరేషన్ తరవాత న్యుమోనియా వచ్చినవాడికి ఆ మందు పనిచెయ్యదు. ఇవాళ ఒకరు అనవసరంగా మింగిన మాత్రకు రేపు మరొకరు ధర చెల్లించవలసి వస్తుంది.

మీరు చెయ్యగలిగింది

ఇంట్లో తాతయ్యకో నాన్నమ్మకో ఆపరేషన్ నిర్ణయమయిందనుకోండి. పిల్లలుగా మీరేం చెయ్యగలరు? చాలా చెయ్యగలరు. అయితే ఏదైనా ముందు డాక్టరును అడిగి చెయ్యాలి.

తాతయ్య చుట్ట తాగేవాడైతే కనీసం నాలుగు వారాల ముందే మానెయ్యమని బతిమాలండి. పొగ శైలికలను మొద్దుబారుస్తుంది. మానేస్తే అవి మళ్లీ కదలటం మొదలుపెడతాయి.

ఆపరేషన్‌కు ముందు ఏమీ తినవద్దని డాక్టరు చెప్పిన గంటలు కచ్చితంగా పాటించేలా చూడండి. "ఒక్క ఇడ్డెనే కదా" అని పెట్టకూడదు. మత్తులో అది పైకి తన్నుకువచ్చి ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణాపాయం.

పొద్దునా రాత్రీ పళ్లు తోముకునేలా చూడండి. నోట్లో బాక్టీరియా తగ్గితే కిందికి జారేదీ తగ్గుతుంది.

మూడు గొట్టాల్లో మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరాన్ని కోవిడ్ రోజుల్లో చాలామంది ఇళ్లలో చూసివుంటారు. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి నిదానంగా లోపలికి పీల్చితే బంతులు లేస్తాయి. ముడుచుకున్న గాలిగదులు తెరుచుకోవటానికే ఆ కసరత్తు. తాతయ్య చేసేటప్పుడు పక్కన కూచుని లెక్కపెట్టండి. దగ్గేటప్పుడు కుట్లమీద దిండు అదిమి పట్టుకోమనండి. నొప్పి తగ్గుతుంది. డాక్టరు లేవమన్న రోజున చెయ్యి పట్టుకుని నాలుగడుగులు నడిపించండి.

వేలికి పెట్టే చిన్న పరికరం నెత్తురులో ప్రాణవాయువు ఎంత వుందో చెబుతుంది. దాని సూత్రాన్ని 1970లలో కనిపెట్టినవాడు జపాను ఇంజనీరు టకువో అవొయాగి. ఆ పరికరం ప్రతి ఇంటా అవసరమైన రోజుల్లోనే, 2020 ఏప్రిల్ 18న, 84 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశాడు. తన చిన్న కనుగోలు ఎన్ని లక్షల వేళ్లకు చేరిందో చూడండి!

చివరగా ఒక మాట. మనవాళ్లకు ఎవరికైనా ఆపరేషన్ అయిందంటే ఊరంతా పళ్లూ రొట్టే పట్టుకుని పరామర్శకు బయలుదేరతాం. ప్రేమతోనే వెళతాం. కాని మనకు పడిశం వుంటే, ఆ ప్రేమతోబాటు వైరస్ కూడా మంచం దగ్గరికి వెళుతుంది. అలాంటప్పుడు బత్తాయిలు ఎవరిచేతనైనా పంపించి, మనం ఫోనులో పలకరిస్తే చాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. మహమ్మారి వెళ్లిపోయినా అది నేర్పిన పాఠం మిగిలింది. మీరు ఇప్పుడు ఒక్కసారి నిండుగా గాలి పీల్చి, నెమ్మదిగా వదలండి. మీకేమీ కష్టమనిపించలేదు కదూ? కుట్లు వేసిన మనిషికి ఆ ఒక్క ఊపిరే పెద్ద పని. ఆ పనిని అతనిచేత రోజుకు పదిసార్లు చేయించగలిగిన మనవడో మనవరాలో ఇంట్లో వుంటే, ఆ ఇంటికి ఒక మంచి నర్సు వున్నట్టే.

ఆలోచించండి: మన ఊహాలెక్కలో చిన్న ఆపరేషన్లు అన్నీ కాకుండా సగం మాత్రమే వాయిదా వేసివుంటే, చిన్నవాటిలో ఎవరికీ న్యుమోనియా రాకుండా పెద్దవాటిలో నలుగురికే వచ్చివుంటే, నూటికి ఎంతమంది అవుతారు? లెక్క కట్టి మీ లెక్కల మాస్టారికి చూపించండి.